స్మారక నాణెం కొనాలంటే ఏది మేలు? మన గెజిట్ పద్ధతా, అమెరికా చట్టం పద్ధతా?

2023 ఆగస్టు ఆఖర్లో హైదరాబాద్‌లో జనం వరసకట్టి మరీ 100 రూపాయల బిళ్లను 4,850 రూపాయలకు కొన్నారు. ఎన్టీఆర్ శతజయంతి నాణెం అది. ఆగస్టు 28న ఢిల్లీలో, రాష్ట్రపతి భవన్ సాంస్కృతిక కేంద్రంలో ద్రౌపదీ ముర్ము దాన్ని విడుదల చేశారు. ఆ వెంటనే ఇక్కడి మింట్ (ప్రభుత్వ టంకశాల) కౌంటర్లలో అమ్మకం మొదలైంది. కొన్నవాళ్లలో ఎక్కువమంది అభిమానులు. అభిమానికి ధర అడ్డు రాదు, రావలసిన పనీ లేదు. పూజగదిలో పెట్టుకుంటాడో షోకేసులో పెట్టుకుంటాడో అతని ఇష్టం.

ఈ వ్యాసం మిగతావాళ్ల కోసం. నాణేలు పోగుచేసే అలవాటు ఉండి, దానికని ఏటా కొంత డబ్బు పక్కన పెట్టి, కొన్నది రేపు పిల్లల చేతికి విలువగా అందుతుందా అని ఆలోచించేవాళ్ల కోసం. ఇవాళ తెలుగిళ్లలో ఈ ప్రశ్నకు ఇంకో కొస కూడా ఉంది. కూతురో కొడుకో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. అక్కడి మింట్ అమ్మే వెండి డాలర్లు కూడా అందుబాటులోకి వచ్చేశాయి. మరి ఏ సర్కారు నాణెం మీద డబ్బు పెట్టాలి? నా మొగ్గు ముందే చెప్పేస్తాను. నాణేన్ని పుట్టించే పద్ధతి వరకు అమెరికాదే మేలు. కొనే దగ్గరికి వచ్చేసరికి మాత్రం జవాబు అంత సూటిగా ఉండదు.

సరే అనేది ఎవరు?

మన దగ్గర నాణేల వ్యవహారమంతా 2011 నాటి నాణేల చట్టం కింద నడుస్తుంది. 1906 నాటి పాత చట్టాన్ని తీసేసి దీన్ని తెచ్చారు. స్మారక నాణెం అంటే ఏమిటో ఇది నిర్వచించింది, వెయ్యి రూపాయలకు మించిన విలువతో నాణెం కొట్టకూడదని గీత గీసింది, మిగతాదంతా కేంద్రానికి వదిలేసింది. ఎవరి పేరు మీద తేవాలి, ఏడాదికి ఎన్ని తేవాలి, ఒక్కోటి ఎన్ని కొట్టాలి అని ఆ చట్టంలో వెతికితే ఏమీ దొరకదు. ఏదో ఒక మంత్రిత్వ శాఖో సంస్థో కుటుంబమో అడుగుతుంది. ఆర్థిక శాఖలోని ఆర్థిక వ్యవహారాల విభాగం ఒప్పుకుంటే, ఆ ఒక్క నాణెం కోసం విడిగా నియమావళి రాసి గెజిట్‌లో వేస్తారు. ఎన్టీఆర్ నాణేనికి ఆయన కుమార్తె పురందేశ్వరి చొరవ తీసుకున్నారు. ఆ ఏడాది మార్చిలో గెజిట్ వచ్చింది, ఆగస్టుకల్లా నాణెం వచ్చేసింది. సర్కారు పనికి ఇది మెరుపు వేగమే.

అమెరికాలో ఇంత వేగం ఊహకందదు. అక్కడ ప్రతి స్మారక నాణేనికీ వాళ్ల పార్లమెంటు, అంటే కాంగ్రెస్, విడిగా ఒక చట్టం చేయాలి. బిల్లు కమిటీ గడప దాటాలంటేనే ప్రతినిధుల సభలో 290 మంది, సెనేట్‌లో 67 మంది సహ ప్రతిపాదకులుగా పేరు ఇవ్వాలన్నది అక్కడి నియమం. రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులన్నమాట. రెండు పార్టీలూ కలవకుండా ఆ లెక్క కుదరదు. ఆ పైన అధ్యక్షుడి సంతకం. 1996లో చేసిన సంస్కరణ చట్టం ప్రకారం, 1999 నుంచి ఏడాదికి రెండు అంశాలకు మించి స్మారక నాణేలు తేకూడదు. 2024లో చూడండి: బానిసత్వం మీద పోరాడిన హ్యారియట్ టబ్‌మన్ పేరిట ఒకటి, రెండో ప్రపంచ యుద్ధ తరం పేరిట ఒకటి. మన దగ్గర 2023 ఒక్క ఏడాదిలోనే చప్పున గుర్తొచ్చేవి నాలుగున్నాయి: మన్ కీ బాత్ నూరో భాగానికి 100 రూపాయలది, కొత్త పార్లమెంటు భవనానికి 75 రూపాయలది, ఎన్టీఆర్‌ది, మీరాబాయి 525వ జయంతికి 525 రూపాయలది.

ఈ 75లూ 525లూ మన ప్రత్యేకత. ఎన్నో ఏడాది అయితే అంత విలువ వేసేస్తారు. ఆదాయపు పన్ను 150 ఏళ్లకు 150 రూపాయలు, గురు గోవింద్ సింగ్ 350వ జయంతికి 350, గురు నానక్ 550వ జయంతికి 550. తంజావూరు బృహదీశ్వరాలయానికి వెయ్యేళ్లు నిండినప్పుడు 1000 రూపాయల నాణెం వచ్చింది. అక్కడితో చట్టం గీసిన గీత తగిలింది. అంతకన్నా పాత గుడికి ఏం చేస్తారో చూడాలి. సేకరించేవాళ్లకు ఈ వింత విలువలంటే సరదా, కాదనను. అమెరికాలో ఆ సరదా లేదు. అర డాలరు, డాలరు, ఐదు డాలర్ల బంగారం, మహా అయితే పది డాలర్లది.

అమెరికా చట్టంలో ఏం రాస్తారో ఒక్క ఉదాహరణ చాలు. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టి 50 ఏళ్లయిన సందర్భానికి 2019లో వచ్చిన అపోలో 11 నాణేల చట్టం మీద ఒబామా 2016 డిసెంబరులోనే సంతకం చేశారు. అంటే అమ్మకానికి రెండేళ్ల ముందే కొనేవాడికి అన్నీ తెలుసు. ఐదు డాలర్ల బంగారు నాణేలు 50 వేలకు మించవు. వెండి డాలర్లు 4 లక్షలకు మించవు. రాగి, నికెల్‌తో చేసే అర డాలర్లు 7 లక్షల 50 వేలకు మించవు. ఐదు ఔన్సుల పెద్ద వెండి నాణెం లక్షకు మించదు. అమ్మకం ఏడాది పాటే. బంగారు నాణెం ధరలో 35 డాలర్లు, వెండి డాలరులో 10, అర డాలరులో 5 విరాళంగా పోతాయి. అందులో సగం స్మిత్సోనియన్ వారి విమాన, అంతరిక్ష మ్యూజియంకు, మిగతా సగం వ్యోమగాముల పేరిట నడిచే రెండు సంస్థలకు. ఇదంతా చట్టంలోనే ఉంది.

ఇంత కట్టుదిట్టం ఎందుకు వచ్చింది?

అమెరికా వాళ్లు బుద్ధిమంతులై ఈ నియమాలు పెట్టుకోలేదు, దెబ్బ తిని పెట్టుకున్నారు. ఆ కథ తెలిస్తే మన పద్ధతిలో లోపం ఎక్కడుందో కూడా తెలుస్తుంది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

వాళ్ల మొదటి స్మారక నాణెం 1892లో, కొలంబస్ పేరిట జరిగిన ప్రదర్శన కోసం వచ్చింది. తరవాతి దశాబ్దాల్లో ఒక పద్ధతి స్థిరపడింది. కాంగ్రెస్ ఏదో ఊరి ఉత్సవానికి అనుమతి ఇస్తుంది. మింట్ నాణేలు కొట్టి వాటిని ముఖవిలువకే, అంటే బిళ్ల మీద రాసి ఉన్న విలువకే, ఉత్సవ కమిటీ చేతిలో పెడుతుంది. అర డాలరు బిళ్లను కమిటీవాళ్లు ఎంతకైనా అమ్ముకోవచ్చు. దీంతో ఏమవుతుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. 1936 వచ్చేసరికి ఊరూరికీ ఒక నాణెం. కొందరు ఒకే నాణేన్ని ఏడాది మార్చి, మింట్ మార్చి ఏళ్ల తరబడి కొట్టించారు. అన్నీ ఉంటే తప్ప సెట్టు పూర్తికాదు కాబట్టి సేకరించేవాడు కొనక తప్పదు.

అన్నిటికన్నా ఘనమైనది సిన్సినాటి నాణెం. థామస్ మెలిష్ అనే నాణేల సేకర్త, వ్యాపారి దాన్ని నడిపించాడు. సిన్సినాటి అమెరికాకు సంగీత కేంద్రమై 50 ఏళ్లయిందట, అందుకని 1886–1936 అని తేదీలు వేశారు. 1886లో ఆ ఊళ్లో అంత ఘనకార్యం ఏం జరిగిందో ఎవరూ చెప్పలేకపోయారు. నాణెం మీద బొమ్మ పాటల రచయిత స్టీఫెన్ ఫాస్టర్‌ది. ఆయన 1864లోనే చనిపోయాడు, ఆ ఊళ్లో కొన్నాళ్లు గుమస్తాగా పనిచేశాడు. నమూనాలు చూసే లలిత కళల సంఘం అభ్యంతరం చెప్పింది, అయినా పని ఆగలేదు. ఫిలడెల్ఫియా, డెన్వర్, శాన్‌ఫ్రాన్సిస్కో మూడు మింట్లలోనూ 5 వేల చొప్పున కొట్టించి, మూడు నాణేల సెట్టు 7 డాలర్ల 75 సెంట్లకు అమ్మకానికి పెట్టారు. ముఖవిలువ డాలరున్నర. పెట్టీ పెట్టగానే అయిపోయాయన్నారు. బయట మార్కెట్లో ధర కొన్ని రెట్లు లేచింది.

జనం విసుగెత్తి 1939లో కాంగ్రెస్ పాత అనుమతులన్నిటినీ రద్దు చేసింది. 1946 నుంచి 1954 దాకా మళ్లీ కొన్ని వచ్చాయి, మళ్లీ అదే తంతు. ఆ తరవాత 1982 దాకా ఒక్క స్మారక నాణెం కూడా రాలేదు. 1982లో జార్జి వాషింగ్టన్ 250వ జయంతికి తిరిగి మొదలుపెట్టినప్పుడు ఒక మార్పు చేశారు. నాణేన్ని కమిటీ చేతికి ఇవ్వరు, మింటే అమ్ముతుంది. తరవాతి ఏళ్లలో వచ్చిన విరాళం పద్ధతి కూడా నాణెం అమ్మాక డబ్బు ఇవ్వడమే. ఇప్పుడైతే మింట్ ఖర్చులన్నీ రాబట్టుకున్నాకే, ఆ సంస్థ అంతే మొత్తం బయట నుంచి పోగుచేసి చూపిస్తేనే ఇస్తారు.

అంతమాత్రాన అంతా సర్దుకుందనుకోవద్దు. 1995–96లో అట్లాంటా ఒలింపిక్స్ పేరిట 16 రకాల నాణేలు తెచ్చారు. ప్రూఫ్ (అద్దంలా మెరిసే ప్రత్యేక ముద్రణ) వేరు, మామూలు ముద్రణ వేరు, అంటే సెట్టు పూర్తి కావాలంటే 32 కొనాలి. కొనేవాళ్లకు నీరసం వచ్చింది. ఏడాదికి రెండే అన్న 1996 నియమం ఆ నీరసంలోంచే పుట్టింది. తమాషా ఏమిటంటే, అప్పట్లో ఎవరూ కొనక మిగిలిపోయినవే ఇవాళ విలువైనవి. పారాలింపిక్స్ వెండి డాలరు మామూలు ముద్రణలో 15 వేలు కూడా అమ్ముడుపోలేదు. దానికోసం ఇప్పుడు వెతుక్కుంటున్నారు. అదే 1986 నాటి స్వేచ్ఛా ప్రతిమ వెండి డాలరు 70 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మంచి నాణెం, మంచి పనికి డబ్బు పోగైంది. కానీ దాచుకున్నవాడికి ఈనాటికీ లోపలున్న వెండి ధర మీద పెద్దగా మిగిలింది లేదు.

ఎన్ని కొట్టారు?

మన పద్ధతిలో నాకు నచ్చనిది ఇక్కడుంది. మన గెజిట్ తీసి చదవండి. వ్యాసం 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు, అంచు మీద 200 గాట్లు, వెండి 50 శాతం, రాగి 40, నికెల్ 5, జింకు 5. సింహం బొమ్మ ఎటు, దాని కింద సత్యమేవ జయతే ఎక్కడ, భారత్ అన్న మాట ఏ పక్క, అన్నీ ఉంటాయి. అంచు మీద గాట్ల లెక్క చెప్పినవాళ్లు మొత్తం ఎన్ని నాణేలు కొడతారో మాత్రం చెప్పరు.

ఎన్టీఆర్ నాణేన్నే తీసుకోండి. మొదటి విడతగా 12 వేలు కొట్టారని పత్రికల్లో వచ్చింది. గిరాకీ చూసి మళ్లీ కొట్టారనీ వచ్చింది. అభిమానులకు అది శుభవార్త. 12 వేలే అనుకుని మొదటి రోజే వరసలో నిలబడి కొన్న సేకర్తకు మాత్రం తను కొన్నది 12 వేలల్లో ఒకటో పాతిక వేలల్లో ఒకటో తెలియదు. మింట్ తప్పు చేసిందని నేననడం లేదు, నియమమే లేనప్పుడు తప్పేముంది? పైగా బుకింగ్ తెరిచి, డబ్బు ముందుగా కట్టించుకుని, వచ్చిన ఆర్డర్లను బట్టి కొట్టి పంపడం మన మింట్లకు పాత అలవాటే. ఆ పద్ధతిలో ఎవరికీ లేదనకుండా దొరుకుతుంది. అది న్యాయమే. ఆఖర్న లెక్క బయట పెడితే చాలు. అమెరికా మింట్ ఏ నాణెం ఎన్ని అమ్ముడుపోయాయో అమ్మకాలు నడుస్తుండగానే ప్రకటిస్తూ వస్తుంది. మన నాలుగు మింట్లను నడిపే ఎస్‌పీఎంసీఐఎల్ సంస్థ ఆ ఒక్క పని చేస్తే, మన నాణేల మీద నమ్మకం రెట్టింపవుతుంది.

అమెరికా గరిష్ఠ పరిమితి చూసి మోసపోవడం కూడా ఉంది. 4 లక్షలు అని చట్టంలో ఉన్నంత మాత్రాన నాణెం అరుదైనది అయిపోదు. అది పైకప్పు మాత్రమే. కొనేముందు చూడవలసింది పరిమితిని కాదు, ఆఖరి అమ్మకాల లెక్కను.

ధరలో లోహమెంత?

ఎన్టీఆర్ నాణెం చెక్కపెట్టెలో ప్రూఫ్ 4,850 రూపాయలు, అట్ట ఫోల్డర్‌లో ప్రూఫ్ 4,380, ఫోల్డర్‌లో మామూలు ముద్రణ 4,050. మూడింట్లోనూ అసలు వెండి పదిహేడున్నర గ్రాములే. అప్పట్లో కిలో వెండి 75 వేలకు అటూ ఇటూగా ఉంది. అంటే లోపలి వెండి 1,300 రూపాయలకు కాస్త పైన. మిగతాది పనితనానికి, పేరుకు, పెట్టెకు. కిలో వెండి 2 లక్షలు పలికిన రోజున కూడా ఆ వెండి 3,500 దగ్గరే ఆగుతుంది. అమెరికా వెండి డాలరు బరువు 26.73 గ్రాములు. 90 శాతం వెండి ఉన్న పాతవాటిలో అసలు వెండి 24 గ్రాములు, ఈమధ్య వచ్చేవి దాదాపు స్వచ్ఛమైన వెండి. చేతిలోకి తీసుకుంటే మనది పెద్దగా, బరువుగా ఉంటుంది. కరిగిస్తే అమెరికాదే ఎక్కువ తూగుతుంది.

ఈ తేడా ఇప్పుడు తగ్గుతోంది. 2024 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు 90 ఏళ్ల సందర్భంగా వచ్చిన 90 రూపాయల నాణెం 40 గ్రాముల స్వచ్ఛమైన వెండి. సేకరించేవాడు కోరుకోవలసిన మార్పు ఇది. సగం వెండి మిశ్రమంలో రాగి పాలు ఎక్కువ, మన తీరప్రాంతపు గాలిలో తొందరగా రంగు మారుతుంది.

అమెరికా ధరలో విరాళం కలిసి ఉంటుందని చెప్పాను కదా. ఆ 10 డాలర్లు నాణెం విలువలోకి రావు, తిరిగి అమ్మినప్పుడు ఎవరూ లెక్కగట్టరు. విరాళం అందుకునే మ్యూజియం మీదో సంస్థ మీదో మీకు ప్రేమ ఉంటే సరే. లేకపోతే కొన్న రోజే ఆ మేరకు నష్టం. మన నాణెంలో విరాళమంటూ ఏదీ రాసి ఉండదు. వచ్చే లాభం ప్రభుత్వ సంస్థకే. ఆ విషయంలో మనదే నయం.

బొమ్మ సరే, లిపి?

అమెరికాలో నమూనాను రెండు సంఘాలు చూస్తాయి: లలిత కళల సంఘం ఒకటి, 2003లో ఏర్పడిన పౌరుల నాణేల సలహా సంఘం ఒకటి. రెండోదాంట్లో చర్చలు బహిరంగంగా జరుగుతాయి. ఈ ముఖం ఆయనలా లేదు, ఆ అక్షరం ఇరుకుగా ఉంది అని వాళ్లు వాదించుకోవడం ఎవరైనా వినవచ్చు. మన దగ్గర నమూనా గెజిట్‌లో వర్ణనగానూ, ఆ తరవాత విడుదల రోజున నాణెంగానూ కనబడుతుంది.

దీని ఫలితం ఎన్టీఆర్ నాణెం మీదే ఉంది. దాని మీద ఆయన పేరు దేవనాగరిలో ఉంది. తెలుగు అక్షరం ఒక్కటి లేదు. తెలుగువాడి ఆత్మగౌరవం అని ఊరూరా తిరిగి 1983లో ముఖ్యమంత్రి అయిన మనిషి నాణెం అది. మరుసటి ఏడాది కరుణానిధి నూరేళ్లకు వచ్చిన 100 రూపాయల నాణెం మీద 'తమిళ్ వెల్లుమ్' అని తమిళ లిపిలో ఉంది. అడిగితే వేస్తారన్నమాట. మనవాళ్లు అడగలేదో, అడిగినా పట్టించుకోలేదో! ముందుగా నమూనాను జనం ముందు పెట్టే పద్ధతి ఉంటే పత్రికలకు పది ఉత్తరాలైనా వెళ్లేవి.

ప్రూఫా, మామూలుదా, చెక్కపెట్టా?

మనదే కొనాలని నిర్ణయించుకున్నారనుకోండి. ప్రూఫ్ అంటే ప్రత్యేకంగా మెరుగుపెట్టిన అచ్చుతో, మెరుగుపెట్టిన బిళ్ల మీద ఒకటికి రెండుసార్లు కొట్టింది. వెనక నేల అద్దంలా మెరుస్తుంది, బొమ్మ మాత్రం మంచు పట్టినట్టు తెల్లగా నిలుస్తుంది. మామూలు ముద్రణను నాణేలవాళ్లు యూఎన్‌సీ అంటారు. చలామణిలోకి వెళ్లని కొత్త నాణెం అని అర్థం. ఎన్టీఆర్ నాణెంలో ఈ రెంటికీ ధరలో తేడా 330 రూపాయలు, ప్రూఫ్ ఫోల్డర్‌కూ చెక్కపెట్టెకూ తేడా 470. నాణెం మారినప్పుడు 330 పెరిగి, పెట్టె మారినప్పుడు 470 పెరిగింది. బహుమతిగా ఇచ్చేవాడికి పెట్టె కావాలి. దాచుకునేవాడికి ప్రూఫ్ ఫోల్డర్ చాలు, ఇందులో నాకు సందేహం లేదు.

దాన్ని తెరిచి బొటనవేలితో తుడవకండి. ప్రూఫ్ నేల మీద వేలిముద్ర పడితే పోదు. విభూదితోనో చింతపండుతోనో తోమితే నాణెం కథ ముగిసినట్టే. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెడితే కొన్నేళ్లకు పచ్చని జిగురు పడుతుంది, గట్టి గుండ్రటి క్యాప్సూల్ వాడండి. హైదరాబాద్‌లో కొట్టిన నాణెమైతే సంవత్సరం కింద నక్షత్రం గుర్తు ఉంటుంది. ముంబైది వజ్రం ఆకారం, నోయిడాది చుక్క, కోల్‌కతాకు గుర్తే ఉండదు. సైఫాబాద్ పాత మింట్‌లో ఇప్పుడు మ్యూజియం ఉంది, పిల్లలను తీసుకెళ్లి చూపించదగింది. అసలు తయారీ 1997 నుంచి చర్లపల్లిలో.

బ్యాంకులో దొరికేది

ఈ రెండు పద్ధతుల పోలికలో మూడోది ఒకటి పక్కకు జరిగిపోతూ ఉంటుంది, చాలామందికి అదే సరైనది. 1964లో నెహ్రూ బొమ్మతో వచ్చిన మన మొదటి స్మారక నాణేలు, అర్ధరూపాయి, రూపాయి, జనం జేబుల్లో తిరిగినవే. ఆ తరవాత కూడా అంబేడ్కర్ 125వ జయంతికి, గాంధీ దక్షిణాఫ్రికా నుంచి తిరిగి వచ్చి నూరేళ్లయినందుకు, అంతర్జాతీయ యోగా దినానికి పది రూపాయల బిళ్లలు వచ్చాయి. 2022 జూన్‌లో స్వాతంత్ర్య అమృతోత్సవ చిహ్నంతో రూపాయి నుంచి 20 రూపాయల దాకా ఐదు విలువల్లో వచ్చాయి. ముఖవిలువకే దొరుకుతాయి. నష్టం రావడానికి దారే లేదు, కూరగాయల బండి దగ్గర ఖర్చుపెట్టేయవచ్చు.

పెట్టేయవచ్చు అన్నాను గానీ, తెలుగు రాష్ట్రాల్లో పదిబిళ్ల తీసుకోం అనే దుకాణాలు ఎన్ని లేవు! ఒకదాని మీద పది గీతలు, ఇంకోదాని మీద పదిహేను గీతలు, ఒకదాంట్లో రూపాయి గుర్తు ఉంది, ఇంకోదాంట్లో లేదు, కాబట్టి దొంగదని పుకారు. అప్పటికి 14 రకాల పది రూపాయల నాణేలు వచ్చాయని, అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. స్మారక నాణేలను జనానికి పరిచయం చేయకుండా చలామణిలోకి వదిలేస్తే ఇంతే.

ఇక్కడ కూడా అమెరికావాళ్లు చక్కగా చేశారు. 1997 డిసెంబరులో చట్టం చేసి, 1999 నుంచి 2008 దాకా ఏడాదికి ఐదు చొప్పున యాభై రాష్ట్రాలకు యాభై పావు డాలర్లు విడుదల చేశారు. దేశంలో చేరిన వరసలో, డెలావేర్ మొదలు హవాయి దాకా, దాదాపు పది వారాలకొకటి. ఈసారి ఏ రాష్ట్రం వస్తుందో జనానికి ముందే తెలుసు. పిల్లలు అట్ట మీద గుంటల్లో ఒక్కోటి నింపుకుంటూ పెరిగారు. నాణెం తయారీకి అయ్యే ఖర్చు పావు డాలరు కన్నా తక్కువ కాబట్టి, జనం దాచుకున్న ప్రతి బిళ్లా ఖజానాకు లాభం. మన రాష్ట్రాలకు ఒక్కోటి చొప్పున అలాంటి పదిబిళ్లలు వస్తే నేనైతే 4,850 రూపాయల పెట్టె వంక చూడను. కాకతీయ తోరణం ఒకదాని మీద, అమరావతి స్తూపం ఒకదాని మీద, వాటి కింద తెలుగులో రెండు మాటలు.

మళ్లీ అమ్మాలనుకుంటే

లాభం కోసం కొనేవాళ్లు రెండు దేశాల్లోనూ నిరాశపడతారు. ఆధునిక స్మారక నాణేల్లో చాలావాటికి మింట్ ధర కూడా తిరిగి రాదు, విడుదలైన వారంలో ఆన్‌లైన్‌లో కనిపించే రెట్టింపు ధరలు అడిగిన ధరలే తప్ప అమ్ముడైన ధరలు కావు. 2025 నవంబరులో పుట్టపర్తిలో విడుదలైన సత్యసాయి శతజయంతి నాణెం లాంటివి భక్తి కొద్దీ కొనేవి. వాటికి ఈ లెక్క వర్తించదు, వర్తింపజేయడం మర్యాద కాదు. మిగతావాటికి నా సలహా ఇది: మీకు నిజంగా ఇష్టమైన అంశమైతేనే, విడుదలైనప్పుడే, నేరుగా మింట్ దగ్గరే, ప్రూఫ్ ఫోల్డర్‌లో కొనండి. అమెరికాలో ఉన్న పిల్లల చేత తెప్పించుకునేదైతే తొందరపడకండి. అమ్మకం ముగిసి ఆఖరి లెక్క వచ్చాక, తక్కువ అమ్ముడైన వాటిని బయట మార్కెట్లో చూడండి. చాలాసార్లు మింట్ ధరకు అటూ ఇటూగానే దొరుకుతాయి.

నగల దుకాణాల్లో దేవుడి బొమ్మలతో అమ్మే వెండి బిళ్లల మీద రూపాయల విలువ ఉండదు, అవి నాణేలు కావు. ఈస్టిండియా కంపెనీ పేరు, రామ పట్టాభిషేకం బొమ్మ ఉన్న రాగి బిళ్లలు కంపెనీ కొట్టినవి కావు, తరవాత ఎవరో తయారుచేసినవి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్లకు లక్షలిస్తామని ఫోనుకు వచ్చే సందేశాలు సరేసరి. ముందు రిజిస్ట్రేషన్ అంటారు, తరవాత పన్ను అంటారు, కొన్నిసార్లు రిజర్వు బ్యాంకు పేరు, గుర్తు కూడా వాడేస్తారు. పాత నోట్లు, నాణేల లావాదేవీలతో తమకు సంబంధం లేదని, వాటి మీద తాము ఎవరి దగ్గరా కమిషన్ గానీ రుసుము గానీ వసూలు చేయమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. అలాంటి సందేశం వస్తే జవాబివ్వకుండా తీసేయండి. ఆ ఐదు రూపాయలతో ఏమైనా కొనుక్కోండి, దుకాణదారు తీసుకుంటే.